మోతీ గడప దాటకూడదు

గోవింద్‌పూర్, జంషెడ్‌పూర్
22 ఫిబ్రవరి 1981

మా నూకప్పకి జగదాంబ దండాలు.

బావగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. పొద్దున్నే పొయ్యి రాజేస్తే మధ్యాహ్నం దాకా నడుం వాల్చడానికి ఉండదు. పద్మకుమారికి పన్నెండో ఏడు వచ్చింది గానీ ఒక్క గిన్నె కడగదు. తెలుగులో కేకేస్తే హిందీలో జవాబు చెబుతుంది. వాళ్ళ నాన్న ఉంటే ఇంకా నెత్తికెక్కించుకునేవాడు.

ఈ ఉత్తరం ఒక కుక్క గురించి రాస్తున్నానంటే నవ్వుతావు. కానీ ఆ కుక్క వల్ల నా హోటల్ మూతపడేలా ఉందప్పా. మా ఆయన పోయిన ఈ మూడేళ్ళుగా మా ఇద్దరికీ కూడు పెడుతున్నది ఈ నాలుగు బల్లలే కదా.

ఆరోగ్యస్వామి గారని నీకు రాశాను, గుర్తుందా? మా ఆయనతో కలిసి ఫౌండ్రీలో చేసినాయన. ఈయన పైన క్రేను మీద, మా ఆయన కింద ఖలాసీగా. ఆయన పోయాక ఈయన కూడా ఆ పని మానేశాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. రోడ్డుకి అవతల ఒక గదిలో ఉంటాడు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి మూల బల్ల దగ్గర కూర్చుని రెండు ఇడ్లీలు తిని వెళ్తాడు. మాట తక్కువ. నేను అన్నయ్యా అంటాను, ఆయన చెల్లమ్మా అంటాడు. క్రైస్తవులు. మా ఆయన చావుకి వచ్చిన వాళ్ళందరిలోకీ ఎక్కువ ఏడ్చింది ఆయనే.

ఆయన వెంట మోతీ వస్తుంది. గోధుమరంగు కుక్క. బల్ల కిందకి దూరి ఆయన కాలి మీద తల పెట్టుకుని పడుకుంటుంది. ఒకరి జోలికి పోదు, మెతుకు కిందపడినా ముట్టుకోదు. ఎవరైనా స్వామన్నయ్యని పలకరిస్తే లేచి ఆయన మోకాలిని ముక్కుతో పొడుస్తుంది. అప్పుడు ఆయన తలెత్తి చూస్తాడు. ‘ఈ కుక్కకున్న మర్యాద మనుషులకి లేదే’ అని మేమంతా నవ్వుకుంటాం.

పోయిన ఆదివారం పోలరాజు గారు వచ్చారు. మన తెలుగు సంఘానికి సెక్రటరీ. ఉగాదికి మూడొందల మందికి టిఫిను నాకే చెప్తానన్న మనిషి. దోసె సగం తిన్నాక మోతీని చూసి కంచం తోసేశాడు.

“ఏటమ్మా ఇది, హోటలేనా? కుక్క తిరిగే కాడ మనుసులు తినాలేటి?”

“కుక్క బల్లకింద కూకుంది బాబూ. తమరే బల్ల మీద కాళ్ళు ముడుసుకుని కూకున్నారు.”

నా నోరు నీకు తెలుసుగా. హోటలంతా గొల్లుమంది. ఆయన ముఖం మాడిపోయింది. ఇంక చూడు, ఆ పూట నా హోటల్లో ఇడ్లీల కంటే మాటలు ఎక్కువ అమ్ముడుపోయాయి. ఒకాయన, చంటిపిల్లలొచ్చే చోట కరిస్తే ఎవరు జవాబు చెప్తారన్నాడు. లారీ తోలే సర్దార్జీ, ఖైనీ పొగాకు ఉమ్మే వాళ్ళకంటే కుత్తాయే సాఫ్, కుక్కే శుభ్రం అన్నాడు. ఇంకొకాయన, బిస్టుపూర్‌లో కేకుల షాపులోకి దొరసానులు తెల్ల కుక్కల్ని చంకనెత్తుకుని వస్తే షాపువాడు వంగి వంగి సలాములు పెడతాడు, మన స్వామి కుక్క నాటుదై నేల మీద నడిచి వస్తోందనా మీ బాధ అన్నాడు. నిజం చెప్పొద్దూ, అవతలి వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. మొన్నొకరోజు చట్నీలో వెంట్రుక కనిపిస్తే నేనే గబుక్కున తీసేశాను. అది నా వెంట్రుక కాదు.

అయినా నేను వెనక్కి తగ్గలేదప్పా. “మా ఆయన నేస్తం ఆయన. ఆయన వత్తాడు, ఆయన కుక్కా వత్తాది. తినేవోళ్ళు తినండి, నేకపోతే నేదు” అనేశాను. ఇంత గొడవ జరుగుతుంటే స్వామన్నయ్య తలొంచుకుని ఇడ్లీ తింటూనే ఉన్నాడు. ఎంత నిబ్బరమో అనుకున్నాను. ఉగాది టిఫిను వేరే వాళ్ళకి చెప్పేశారని నిన్న తెలిసింది. పోతే పోయింది. మా ఆయన పోయినప్పుడు ఈ సంఘం వాళ్ళెవరూ నా గుమ్మం తొక్కలేదు.

పద్మ మోతీ మెడకి ఎర్ర రిబ్బను కట్టింది. నేను చేసింది మంచిదో కాదో నువ్వు రాయి.

నీ చెల్లెలు,
జగదాంబ

*

గోవింద్‌పూర్
3 మే 1981

నూకప్పా,

క్షేమాలు అడగడానికి మనసు లేదు. ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో పెట్టెయ్యి. బావగారికి కూడా చూపించకు.

నిన్ను తప్ప అడగడానికి నాకెవరూ లేరు, అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మొన్న గురువారం పొద్దున్న, అటక మీదున్న ఖాళీ నూనె టిన్నులు నాలుగు ఒక్కసారి జారి, స్వామన్నయ్య వీపు వెనకే గచ్చు మీద పడ్డాయి. ఆ చప్పుడికి హోటలంతా లేచి నిలబడింది. పద్మ ఓలమ్మో అని నా కొంగు పట్టుకుంది. స్వామన్నయ్య ఇడ్లీ ముక్క తుంచి చట్నీలో అద్దుకుంటున్నాడు. ఉలకలేదు. మోతీ లేచి ఆయన మోకాలు పొడిచాక వెనక్కి తిరిగి, టిన్నుల్ని చూసి, అప్పుడు ఉలిక్కిపడ్డట్టు ముఖం పెట్టాడు.

నాకు అనుమానం వచ్చింది. అందరూ వెళ్ళిపోయాక ఆయన వెనక్కి వెళ్ళి నిలబడి, మోతీ ఆయన్ని పొడవకుండా దాని మెడ రిబ్బను పట్టుకుని, గట్టిగా అన్నాను: “అన్నయ్యా, నీ గది అంటుకుపోతంది, పరిగెత్తు.” ఆయన నీళ్ళు తాగుతున్నాడు. తాగి గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ అన్నాను. అరిచాను. గ్లాసు బోర్లించి మూతి తుడుచుకున్నాడు.

ఎదురుగా వచ్చి కూర్చున్నాను. నా పెదాలు ఆయనకి కనబడేలా అడిగాను.

“మీకు సెవులు నేవా?”

“లేవు చెల్లమ్మా. సమ్మెట మిషను మీద పదేళ్ళు చేశాను. అక్కడే పోయాయి. మీరు మాట్లాడేది మీ నోరు చూసి తెలుసుకుంటాను. వెనక నుంచి ఎవరు పిలిచినా ఇదిగో, దీన్ని బట్టే.” మోతీ తల మీద చెయ్యి వేశాడు. “రోడ్డు మీద బండొస్తే కాలికి అడ్డం పడుతుంది. ఇదే నా చెవులు.”

అప్పా, అప్పటికీ నాకు జాలే వేసింది. తరవాతి మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు.

“ఎన్నాళ్ళయింది?”

“ఏడేళ్ళు.”

ఏడేళ్ళు. మా ఆయన పోయి మూడేళ్ళు.

నీకు ఆ రోజు సంగతి పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. క్రేనుకి ఇనుప అచ్చుపెట్టె వేలాడుతోంది. కింద నుంచి ఖలాసీ చేత్తో సైగ చేస్తే పైనున్న డ్రైవరు దించుతాడు, ఎత్తుతాడు. అరచెయ్యి పైకెత్తితే ఆపమని. ఇంట్లో కూడా మా ఆయన పద్మ అల్లరి చేస్తే నోటితో చెప్పేవాడు కాదు, అరచెయ్యి ఎత్తేవాడు, అది టక్కున ఆగిపోయేది. ఆ రోజు గొలుసు ఎక్కడో పట్టేసిందని వంగి, వీపు తిప్పి, పెట్టె కిందకి వెళ్ళాడట. పెట్టె దిగుతోంది. ‘రోకో, రోకో’ అని, ఆపమని అరిచాడని పక్కనున్న వాళ్ళు చెప్పారు. ఫౌండ్రీ వాళ్ళేమో ఖలాసీదే పొరపాటు, వీపు తిప్పకూడదు అని రాసుకున్నారు. మూడేళ్ళుగా నేనూ అదే నమ్మి, ఎందుకు తిరిగావయ్యా అని ఆయన ఫోటోనే తిట్టుకుంటున్నాను.

“ఆయన అరిసినాడు కదా?” అని అడిగాను.

“అరిచాడని తరవాత చెప్పారు.”

“మీకు ఇనపళ్ళేదు.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, “చెప్పే ముఖం లేక” అన్నాడు. ఇంకేమైనా ఉందా చెప్పడానికి అని అడిగాను. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. “లేదు. తప్పంతా నాదే చెల్లమ్మా” అన్నాడు.

చెవుడు బయటపడితే పని తీసేస్తారని దాచాడు. కూటి కోసం దాచాడు. నా కూడు పోగొట్టి, నా హోటలుకే వచ్చి, నా చేతి ఇడ్లీ తింటున్నాడు మూడేళ్ళుగా! ఆయన కుక్క కోసం నేను మూడొందల మంది టిఫిను వదులుకున్నాను!

మర్నాడు పొద్దున్నే అట్ట ముక్క మీద హిందీలో, తెలుగులో నా చేత్తో రాసి గుమ్మానికి కట్టాను. ‘కుక్కలకు లోపలికి ప్రవేశం లేదు.’ పోలరాజు గారు చూసి, “ఇప్పటికి బుద్ధొచ్చింది” అని రెండు దోసెలు తిన్నారు. అందరూ జనం మాట విని పెట్టాననుకుంటున్నారు. ఆ కుక్క ఆయన చెవులని తెలిసే పెట్టానని నీ ఒక్కదానికే చెప్తున్నాను.

ఆయన వచ్చాడు, బోర్డు చదివాడు, నా ముఖం చూశాడు. మోతీని తీసుకుని వెళ్ళిపోయాడు. పీడా పోయిందనుకున్నాను. అరగంటకి మళ్ళీ వచ్చాడప్పా, ఒంటరిగా. దాన్ని గదిలో కట్టేసి వచ్చాడు. మూల బల్ల దగ్గర కూర్చుని రెండు ఇడ్లీలు అడిగాడు. పెట్టాను. నిన్నా వచ్చాడు, ఇవాళా వచ్చాడు.

నేను చేసేది పాపమా? పాపమైతే పాపమని రాయి, బోర్డు పీకేస్తాను. నాకు పగ తప్ప ఇంకేం కనబడటం లేదు. త్వరగా రాయి.

జగదాంబ

*

గోవింద్‌పూర్
14 జూన్ 1981

నూకప్పా,

నీ జవాబు కోసం రోజూ పోస్టుమాన్‌ని ఆపి అడిగాను. రాలేదు. నా ఉత్తరం అందలేదో, అంది నువ్వు అసహ్యించుకున్నావో తెలీదు. అయినా నీకే రాస్తున్నాను. రాయకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

ఆరోగ్యస్వామి గారు పోయారు. మంగళవారం, తొమ్మిదో తారీకు, మా హోటలుకి ఎదురుగా, రోడ్డు మధ్యలో. నేను చూస్తుండగా పోయారు.

మా హోటలు ముందు నుంచి ఫ్యాక్టరీ కొత్త లారీలు వెళ్తాయి. లారీలంటే ఇంకా లారీలు కావు. తలుపులుండవు, కప్పుండదు, చక్రాలూ ఇంజనూ స్టీరింగూ అంతే. చాసీ అంటారు. డ్రైవరు ముఖానికి గుడ్డ చుట్టుకుని చెక్క మీద కూర్చుని తోలుతాడు. ఒకదాని వెనక ఒకటి వరసగా పోతాయి. మోతీ ఉన్నన్నాళ్ళూ ఆ వరస అయిపోయేదాకా ఆయన్ని కదలనిచ్చేది కాదు. మోతీ లేకపోయాక ఆయన రోడ్డు అంచున నిలబడి, దాటేవాళ్ళు ఎవరైనా వస్తే వాళ్ళ పక్కన నడిచి దాటేవాడు. ఒక్కోరోజు పావుగంట ఎండలో నిలబడేవాడు. పొయ్యి దగ్గర కూర్చుంటే నాకు అంతా కనబడేది. నేను చూస్తున్నానని ఆయనకీ తెలుసు.

రెండో వారంలో పద్మ పరిగెత్తుకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని దాటించింది. దాన్ని లోపలికి లాక్కొచ్చి వీపు మీద ఒకటి వేశాను. “మమ్మీ, అంకుల్ కో సునాయీ నహీఁ దేతా. బోర్డ్ హటా దో నా” అంది. చిన్నపిల్లకి తెలిసిపోయింది చూడు, ఆయనకి వినబడదని, బోర్డు తీసెయ్యమని బతిమాలింది. “మల్లీ ఎల్లేవంటే కాళ్ళిరగ్గొడతాను” అన్నాను. అది మళ్ళీ వెళ్ళలేదు.

నేను అనుకున్నదేమిటంటే, ఆయన రావడం మానేస్తాడు, నా కళ్ళ ముందు నుంచి పోతాడు, అంతే. అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయనెందుకు మానలేదప్పా? ఎండనపడి వచ్చి, నా ముఖం చిట్లింపులు చూస్తూ, ఆ రెండు ఇడ్లీలు ఎందుకు తిన్నాడు? నన్ను ఏడిపించడానికి వస్తున్నాడని ఒకరోజు అనిపించేది. శిక్ష వేయించుకోవడానికి వస్తున్నాడని ఒకరోజు అనిపించేది. అనిపించినప్పుడు ఇంకా మండిపోయేది. ఒకసారి చట్నీ వెయ్యకుండా పెట్టాను. ఉత్త ఇడ్లీలే తిని వెళ్ళాడు.

మంగళవారం ఎండ అప్పటికే పేలిపోతోంది. రోడ్డు మీద పురుగు లేదు. స్వామన్నయ్య అవతలి అంచున నిలబడ్డాడు. చాసీలు నాలుగు పోయాయి. దుమ్ము లేచింది. అయిపోయాయనుకున్నాడు. కానీ అయిదోది వెనకబడింది, మలుపు దగ్గర ఉంది. నాకు కనబడుతోంది, చెట్టు అడ్డం వల్ల ఆయనకి కనబడటం లేదు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఆ డ్రైవరు తప్పేం లేదు. ఆయన రోడ్డు మీద కాలు పెట్టబోతూ నా వైపు చూశాడు. క్రేను మీంచి కింద ఖలాసీని చూసినట్టు చూశాడు.

అరచెయ్యి ఎత్తితే ఆగేవాడు, అప్పా. నాలుగేళ్ళు ఆ సైగకి ఆగిన మనిషి. నా ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది. కుడి చేతిలో అట్లకాడ ఉంది. పెనం మీద దోసె ఉంది. నాకన్నీ ఎంత గుర్తున్నాయో చూడు. నేను చెయ్యి ఎత్తలేదు. భయంతో బిగుసుకుపోయానని పద్మతో చెప్పాను. అది అబద్ధం. మా ఆయన అరిచాడు, ఈయనకి వినబడలేదు, అన్న మాట నా బుర్రలో తిరిగింది. ఆ మాట పూర్తిగా తిరిగేదాకా ఆగాను. ఆ తరవాత చెయ్యి ఎత్తాను. అప్పటికి ఆయన నడుస్తున్నాడు.

పోలీసులొచ్చి అడిగితే, దోసె వేస్తున్నాను, చూడలేదు అన్నాను. అందరూ పాపం ముసలాయన అన్నారు. పోలరాజు గారు వచ్చి ఓదార్చారు. “నువ్వేటి సేత్తావమ్మా, కుక్కల్ని హోటళ్ళోకి రానిచ్చీ ఊరెక్కడుంది? బోర్డు మంచి పనే. దసరాకి టిఫిను నీకే సెప్తాం, బెంగెట్టుకోకు” అన్నారు. సరేనండి అన్నాను. సరేనండి అని ఎలా అన్నానప్పా?

ఆయన గది తలుపు తీస్తే మోతీ మంచం కోడుకి కట్టి ఉంది. గిన్నెలో నీళ్ళున్నాయి. పర్సుడీహ్ నుంచి ఆయన చెల్లెలు అంతోనమ్మ వచ్చింది. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, “మా అన్నకి నువ్వు రోజూ వేళకి ఇంత పెట్టావమ్మా, ప్రభువు నిన్ను చల్లగా చూడాలి” అంది. నాకు ఆ క్షణాన భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. మోతీని ఆమే తీసుకుపోయింది. వెళ్ళేటప్పుడు అది మా హోటలు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడి మూల బల్ల వైపు చూసింది. రా అని పిలిచాను. రాలేదు. బోర్డు పీకి పొయ్యిలో పెట్టేశాను గానీ దానికేం తెలుస్తుంది?

నిన్న ఒక గుమాస్తా కుర్రాడు చిన్న కుక్కపిల్లని చొక్కాలో పెట్టుకుని వచ్చి, “ఆంటీ, అందర్ లే ఆవూఁ?” అని, లోపలికి తేవచ్చా అని అడిగాడు. రమ్మనలేకపోయాను, వద్దనలేకపోయాను. లోపలికి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. పద్మ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటుంది, అంతే.

ఇప్పుడు నన్ను బతికిస్తున్నది ఒక్కటే మాట. ఆయన నా మొగుణ్ణి తీశాడు, నేను ఆయన్ని తీశాను, సరిపోయింది. పొద్దున్న లేచి ఆ మాట అనుకుంటేనే పొయ్యి దగ్గరికి వెళ్ళగలుగుతున్నాను. నువ్వు పెద్దదానివి. సరిపోయిందే జగ్గూ అని ఒక్క ముక్క రాయప్పా. నీ చేతి రాత చూస్తే నేను నిద్రపోతాను.

జగదాంబ

*

టెక్కలి
21 జూన్ 1981

చెల్లీ జగ్గూ,

సరిపోయిందని రాయమన్నావు. రాయలేనే తల్లీ. నా మీద కోపం తెచ్చుకోవడానికి నీకు ఇంకాసేపట్లో చాలా కారణం దొరుకుతుంది, అందుకని నెమ్మదిగా చదువు. పద్మని బయటికి పంపి చదువు.

నీ మొగుడు సూర్యం పోవడానికి ఏడాది ముందు మా పెద్దాడి పెళ్ళికి ఒక్కడే వచ్చాడు, నీకు జ్వరమని నువ్వు రాలేదు. పెళ్ళి మర్నాడు అరుగు మీద కూర్చుని నాతో చాలాసేపు మాట్లాడాడు. ఆరోగ్యస్వామి గారి చెవుల సంగతి అప్పుడే చెప్పాడు. అవును జగ్గూ, సూర్యానికి తెలుసు. ఆయన క్రేను ఎక్కిన నెలలోనే తెలిసిపోయిందట. వెనక నుంచి పిలిస్తే పలక్కపోయేసరికి కనిపెట్టాడు. ఆయనేమో, నేను ఇవాళే మేనేజరుకి చెప్పి దిగిపోతాను సూర్యం, ఎవరి ప్రాణం మీదికైనా వస్తుంది అన్నాడట. వద్దని ఆపింది నీ మొగుడే. ఆయన భార్య అప్పుడు క్షయతో మంచం మీద ఉంది. సూర్యానికి ఆ ఫౌండ్రీలో పని ఇప్పించిందీ ఆయనే.

సూర్యం మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. “ఆయనకి సెవులెందుకు వదినా, నాను సెయ్యి సూపిత్తే సాలు. నాను వీపు తిప్పకుండా ఉంటే సాలు. ఆ జాగర్త నాది” అన్నాడు. నేను తిట్టాను. పెళ్ళాం పిల్ల ఉన్నవాడివి, ఇదేం తెగువరా అన్నాను. నవ్వాడు. నవ్వి నా చేత ఒట్టు వేయించుకున్నాడు, నీకు చెప్పొద్దని. చెబితే నువ్వు భయపడి వెళ్ళి మేనేజరు దగ్గర గోల చేస్తావని. ఇంకో మాట కూడా అన్నాడు. నాకేదైనా అయితే మాత్రం జగ్గుకి చెప్పు వదినా, స్వామిని ఏమీ అనొద్దని చెప్పు, అది నా ఒప్పుకోలే గానీ ఆయన తప్పు కాదని చెప్పు అన్నాడు.

నేను చెప్పలేదు. నీ మొగుడు పోయినప్పుడు వచ్చి పదకొండు రోజులున్నాను, చెప్పలేదు. నువ్వు ఆయన ఫోటో ముందు పడి ఏడుస్తుంటే, తెలిసి తెలిసి చావు కిందకి వెళ్ళాడే అని ఎలా చెప్పను? పోయినవాడి మీద నీకు మనసు విరిగిపోతుందని భయపడ్డాను. కాలం గడిచాక చెబుదాం అనుకున్నాను. కాలం గడిచాక, ఇప్పుడెందుకులే అనుకున్నాను.

ఆరోగ్యస్వామి గారు కూడా నీకు చెప్పలేదు. ఇంకేమైనా ఉందా అని నువ్వు అడిగితే నోరు తెరిచి మూసుకున్నాడని రాశావు చూడు, ఆ మూసుకున్నది ఈ మాట మీదే. నీ మొగుడికి తెలుసు, వద్దన్నది నీ మొగుడే అని ఒక్క మాట అంటే ఆయన మీద నీకు సగం కోపం పోయేది. అనలేదు. నీ దగ్గర సూర్యం పేరు చెడకూడదని తప్పంతా తన మీద వేసుకున్నాడు. నువ్వు చట్నీ వెయ్యకపోతే ఉత్త ఇడ్లీ తిన్నాడు.

నువ్వు నీ చెయ్యి గురించి రాశావు. నీకు క్షమాపణ నేనెవర్ని చెప్పడానికి? పర్సుడీహ్ వెళ్ళి ఆ అంతోనమ్మ కాళ్ళ మీద పడి జరిగింది చెప్పు. ఆమె తిడితే తిట్టించుకో, కొడితే కొట్టించుకో, పోలీసుల దగ్గరికి పదమంటే వెళ్ళు. పద్మని నేను చూసుకుంటాను, ఆ విషయం గురించి బెంగ వద్దు. బావగారికి అంతా చెప్పేశాను. బుధవారం బండికి బయలుదేరుతున్నాను. నీ పక్కన నేనూ ఆమె ముందు నిలబడతాను, ఎందుకంటే ఇందులో నా పాలు కూడా ఉంది.

నీ మే నెల ఉత్తరం నాకు ఆ నెల తొమ్మిదో తారీకునే అందింది. అదే రోజు ఈ సంగతంతా మూడు పేజీలు రాశాను. బోర్డు ఇవాళే పీకెయ్యి, ఆ కుక్కని లోపలికి రానియ్యి, నీ మొగుడి మాట ఇది అని రాశాను. కవరులో పెట్టి అంటించాను కూడా. ఒట్టు తప్పుతున్నానేమో అని ఒక రోజు, నువ్వు నన్ను ఏమంటావో అని ఒక రోజు, అలా ఆపుకుంటూ బియ్యం డబ్బాలో దాచాను. ఆ కవరు కూడా ఇందులో పెడుతున్నాను. దాని మీద తేదీ ఉంది, చూసుకో. పోస్టు డబ్బా మా వీధి చివరే ఉంది జగ్గూ.

మీ అప్ప,
నూకమ్మ